కంప్యూటర్‌లో సౌండ్ పోతే ముందు షాపుకు కాదు, పిల్లల పక్కకు వెళ్లండి



పేరెంట్స్ మీటింగ్‌లో ఇంగ్లిష్ మార్కుల గురించి మాట్లాడుతున్నప్పుడు మీలో కొందరు చెప్పే మాట ఒకటుంది. "ఇంట్లో కంప్యూటర్ ఉంది మేడమ్, పాఠాలన్నీ అందులోనే చూస్తాడు. కాకపోతే ఈ మధ్య సౌండ్ రావట్లేదు." ఆ రెండో మాటను చాలా తేలిగ్గా అనేస్తారు. ఎన్నాళ్ల నుంచి రావట్లేదని అడిగితే "దసరా ముందు నుంచి" అంటారు, లేదా పిల్లవాడి వైపు చూస్తారు. పిల్లవాడు నేల వైపు చూస్తాడు.

ఈ నెల నేను చెప్పదలచుకున్నది ఇదే. పిల్లల చదువు కోసం కొన్న కంప్యూటర్‌లో సౌండ్ పోవడం చిన్న విషయం కాదు. దాన్ని తిరిగి తెప్పించడం మాత్రం చాలాసార్లు చిన్న పనే. ఆ పనిని షాపుకు అప్పగించే ముందు ఒక్క అరగంట మీరూ మీ పిల్లలూ కలిసి చేయండి. డబ్బు మిగలడం అందులో చిన్న లాభం మాత్రమే. అసలు లాభం వేరే ఉంది.

చూస్తే రాని భాష

తెలుగును రాసినట్టే చదువుతాం, చదివినట్టే రాస్తాం. అక్షరాలూ గుణింతాలూ ఒత్తులూ వచ్చాక, పిల్లలు ఎప్పుడూ వినని తెలుగు మాటను కూడా దాదాపు సరిగ్గానే చదివేస్తారు. ఇంగ్లిష్‌లో ఆ వీలు లేదు. అప్పు అనే అర్థం ఉన్న 'డెట్' స్పెల్లింగ్‌లో 'బి' ఉంటుంది, నోట్లో ఉండదు. 'ఐలండ్'లో 'ఎస్' కనబడుతుంది, వినబడదు. 'రిసీట్'లో 'పి' కూడా అంతే. 'దో', 'త్రూ', 'కాఫ్' అనే మూడు మాటల చివర ఒకే నాలుగు అక్షరాలు, ఓ-యు-జి-హెచ్ ఉంటాయి. మూడింటిని మూడు రకాలుగా పలకాలి. పుస్తకంలోకి ఎంతసేపు చూసినా ఈ తేడా తెలియదు. ఎవరో పలకాలి, పిల్లలు వినాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన చెవికి అలవాటు లేని శబ్దాలను మన నోరు తనకు అలవాటైన శబ్దాలలోకి మార్చేస్తుంది. పడమర దిక్కు 'వెస్ట్' అయినా, ఒంటికి తొడిగే 'వెస్ట్' అయినా తెలుగులో రాస్తే ఒకటే. ఇంగ్లిష్‌లో మొదటి శబ్దం వేరు. ఒకదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, ఇంకోదానికి పై పళ్లు కింది పెదవికి తగలాలి. 'జూ'లో మొదటి శబ్దానికి తెలుగులో అక్షరమే లేదు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్ మన నోట్లో బస్సు అవుతుంది, స్కూల్ స్కూలు అవుతుంది. తెలుగులో మాట్లాడేటప్పుడు అదేమీ తప్పు కాదు, అది మన భాష పద్ధతి. ఇంగ్లిష్ మాట్లాడాల్సిన చోట మాత్రం ఆ తేడా వినగలగాలి. చెవి పట్టుకోని శబ్దాన్ని నోరు పలకలేదు.

తరగతిలో మా వంతుగా పలికిస్తాం. కానీ నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరికి దక్కేది ఎంత? మిగతా వినికిడి ఇంట్లోనే జరగాలి. హైదరాబాద్‌లో పెరిగే పిల్లలకు లిఫ్ట్‌లోనో, మాల్‌లోనో, పక్క ఫ్లాట్‌లోనో నాలుగు ఇంగ్లిష్ ముక్కలు చెవిన పడతాయి. మన సారపాకలో, మణుగూరులో, దుమ్ముగూడెంలో, చర్లలో బడి గేటు దాటాక ఇంగ్లిష్ వినిపించే చోటు ఎక్కడుంది? కోయ భాష మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకైతే తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. ఈ పిల్లలకు ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడే మనిషి ఆ కంప్యూటర్ ఒక్కటే. ఆ గొంతు ఆగిపోతే బొమ్మలు కదులుతూనే ఉంటాయి, అక్షరాలు కనబడుతూనే ఉంటాయి, పిల్లలు కూర్చునే ఉంటారు. చూసేవాళ్లకు చదువుతున్నట్టే ఉంటుంది. నిజానికి వాళ్లు మూగ సినిమా చూస్తున్నారు.

సౌండ్ విలువేమిటో మనందరికీ ఒకసారి తెలిసొచ్చింది. కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్ ఛానళ్లలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఆ రోజుల్లో టీవీ గొంతు పోతే ఆ పూట బడి పోయినట్టే. అందుకే వెంటనే బాగుచేయించుకున్నాం. ఇప్పుడు బడులు నడుస్తున్నాయి కాబట్టి ఇంట్లో కంప్యూటర్ మూగబోయినా తొందర అనిపించదు. కానీ పిల్లల చెవికి జరిగే నష్టం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

చూపు లేని పిల్లల సంగతి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపిస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో, తనకే చూపు లేని మైకేల్ కరన్ దీన్ని మొదలుపెట్టారు. అలాంటి సాఫ్ట్‌వేర్‌తో చదువుకునే పిల్లలకు సౌండ్ పోవడం అంటే తెర మొత్తం చీకటైపోవడమే. మన పిల్లలకు అంత ఇబ్బంది రాదు. కళ్లతో నెట్టుకొస్తారు. నెట్టుకురాగలగడం వల్లే నెలల తరబడి ఆ లోటు ఎవరికీ తెలియకుండా ఉండిపోతుంది.

"ఫోన్ ఉందిగా?"

ఉంది. కానీ ఆ ఫోన్ నాన్నగారి జేబులోనో అమ్మ చేతిలోనో ఉంటుంది. డ్యూటీ నుంచి వచ్చేదాకా పిల్లలకు దొరకదు. దొరికాక మధ్యలో కాల్ వస్తుంది, మెసేజ్ వస్తుంది, రీల్ వస్తుంది. చిన్న తెర మీద పాఠం చూస్తూ పక్కన నోట్స్ రాసుకోవడం కూడా కష్టం. పైగా కంప్యూటర్ హాల్‌లో అందరికీ కనబడేలా ఉంటుంది. ఫోన్ దుప్పటి కిందికి వెళ్తుంది. చదువుకు కంప్యూటర్ నయం అని మనమే అనుకుని కొన్నాం కదా, దాన్ని పూర్తిగా పనిచేయించుకోవాలి.

సౌండ్ పోయిందా, దారి తప్పిందా?

సాధారణంగా మనం ఏం చేస్తాం? కొన్నాళ్లు ఊరుకుంటాం. తర్వాత ఎప్పుడో పట్నం పని పడినప్పుడు సీపీయూను సంచిలో పెట్టుకుని బస్సెక్కుతాం. షాపులో రద్దీగా ఉంటే "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అంటారు. సరే అంటాం. సౌండ్ రావచ్చు. దాంతోపాటు పిల్లల ప్రాజెక్టులు, ఫొటోలు, సేవ్ చేసిన పాఠాలు పోవచ్చు. తీరా చూస్తే అసలు కారణం ఒక మ్యూట్ బటన్ అయి ఉండవచ్చు.

మనలో చాలామందికి పొలం ఉంది, లేదా పొలం ఉన్న ఇంట్లో పుట్టాం. మిర్చి తోటకు నీళ్లు పెడుతుంటే, మోటారు తిరుగుతోంది కానీ మడిలోకి నీళ్లు రావట్లేదనుకోండి. వెంటనే బోరులోంచి మోటారు పైకి లాగుతామా? లాగం. ముందు వాల్వ్ తిప్పి ఉందో లేదో చూస్తాం. పైపు వెంట నడుస్తాం. జాయింట్ ఊడిందా, ఎక్కడైనా పగిలి నీళ్లు పక్క చేలోకి పోతున్నాయా అని చూస్తాం. మోటారు పైకి తీయడం ఆఖరి పని. కంప్యూటర్‌లో సౌండ్ కూడా అలాగే ఒక చోట పుట్టి, కొన్ని మలుపులు తిరిగి, చెవి దాకా వస్తుంది. ఆ దారి వెంట నడిస్తే చాలు.

ఆ దారిలో మలుపులు ఎందుకు ఎక్కువో కూడా పిల్లలకు చెప్పండి. 1981లో ఐబీఎం మొదటి పర్సనల్ కంప్యూటర్ వచ్చినప్పుడు అందులో ఉన్నది 'బీప్' మనే చిన్న స్పీకర్ మాత్రమే. పాట, మాట బాగా వినాలంటే విడిగా ఒక కార్డు కొని లోపల బిగించుకోవాల్సి వచ్చేది. సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ కంపెనీ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ అలాంటి కార్డుల్లో బాగా పేరు పొందింది. తర్వాత ఆ పని చేసే చిప్ మదర్‌బోర్డు మీదికే వచ్చేసింది. ఇప్పుడు సౌండ్ బయటికి రావడానికి చాలా తలుపులున్నాయి: స్పీకర్ పిన్ను పెట్టే రంధ్రం, మానిటర్‌కు వెళ్లే హెచ్‌డీఎంఐ వైరు, యూఎస్‌బీ, బ్లూటూత్. అందుకే చాలాసార్లు సౌండ్ ఎక్కడికీ పోదు, మనం కూర్చున్న తలుపు కాకుండా ఇంకో తలుపులోంచి వెళ్తుంది. పగిలిన పైపులోంచి పక్క చేలోకి పోయిన నీళ్లలాగే.

దారి వెంట ఆరు చోట్లు

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. వాల్యూమ్ సగానికి తగ్గించండి. పరీక్షించేటప్పుడు ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకోవద్దు. సౌండ్ ఒక్కసారిగా వస్తే చెవికి దెబ్బ. ఇంకో నియమం: ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక విని చూడండి. రాకపోతే దాన్ని ముందున్నట్టే పెట్టి తర్వాతి చోటికి వెళ్లండి. నాలుగూ ఒకేసారి కదిపితే, సౌండ్ వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు.

1. ఒక్క పాఠంలోనా, అన్నిటిలోనా? ఇంకో వీడియో, ఇంకో పాట పెట్టి చూడండి. మిగతావి వినబడితే కంప్యూటర్‌కు ఏ జబ్బూ లేదు. ఆ వీడియో కింద ఉన్న స్పీకర్ గుర్తు నొక్కేసి ఉండవచ్చు, లేదా బ్రౌజర్‌లో ఆ ట్యాబ్ మ్యూట్ అయి ఉండవచ్చు. ట్యాబ్ మీద మౌస్ కుడి బటన్ నొక్కితే అన్‌మ్యూట్ కనబడుతుంది.

2. తెర కింద కుడి మూలన ఉన్న స్పీకర్ గుర్తు చూడండి. దాని పక్కన ఇంటూ గుర్తు ఉంటే మ్యూట్ అయినట్టు. ల్యాప్‌టాప్‌లలో పై వరుస కీలలో ఒకటి మ్యూట్ కీ. పొరపాటున వేలు తగిలినా చాలు. ఆ స్పీకర్ గుర్తు మీదే కుడి బటన్ నొక్కితే వాల్యూమ్ మిక్సర్ తెరుచుకుంటుంది. ఒక్కో ప్రోగ్రామ్‌కు విడివిడిగా ఎంత సౌండ్ ఉందో అందులో తెలుస్తుంది. అంతా బాగానే ఉన్నా బ్రౌజర్ ఒక్కటే సున్నాలో ఉండవచ్చు.

3. ఏ తలుపు తెరిచి ఉంది? విండోస్ 10లోనూ 11లోనూ సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని లోపల సౌండ్ అని ఉంటుంది. అక్కడ అవుట్‌పుట్ దగ్గర ఏ పేరు ఉందో చదివించండి. స్పీకర్ ఉండాల్సిన చోట మానిటర్ పేరు ఉంటే, సౌండ్ హెచ్‌డీఎంఐ వైరు గుండా మానిటర్‌కు వెళ్తోంది. ఆ మానిటర్‌లో స్పీకరే లేకపోతే ఎవరికి వినబడుతుంది? అన్నయ్య బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పేరు ఉంటే సౌండ్ పక్క గదిలో ఉన్నట్టు. స్పీకర్ పేరు ఎంచుకుంటే పని అయిపోయింది. మన ఇళ్లలో ముందు అనుమానించాల్సింది ఈ మూడో చోటునే అని నా అభిప్రాయం.

4. వైరు, పిన్ను, స్పీకర్. స్పీకర్‌కు కరెంటు ఉందా, లైటు వెలుగుతోందా, దాని మీదున్న వాల్యూమ్ నాబ్ తిప్పి ఉందా? సీపీయూ వెనక సాధారణంగా మూడు రంగుల రంధ్రాలుంటాయి. స్పీకర్ పిన్ను ఆకుపచ్చ దాంట్లో ఉండాలి. గులాబీ రంగుది మైక్ కోసం, నీలం రంగుది బయటి నుంచి సౌండ్ లోపలికి పంపడానికి. ఊడ్చేటప్పుడో, సామాను సర్దేటప్పుడో పిన్ను ఒక రంధ్రం పక్కకు జరిగిపోవడం మామూలే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. అలాంటప్పుడు వైర్లన్నీ పీకి సామాను పైకి ఎక్కించి, వరద తగ్గాక దించి, తోచినట్టు గుచ్చేస్తాం. ఆ తర్వాత సౌండ్ రాకపోతే ముందు చూడాల్సింది ఈ రంగులనే. కంప్యూటర్‌లోకి నీళ్లు వెళ్లాయన్న అనుమానం ఉంటే మాత్రం స్విచ్ వేయనే వద్దు.

ఈ చోటే ఒక మంచి పరీక్ష ఉంది. స్పీకర్ పిన్ను తీసి, అది పట్టే ఫోన్ ఉంటే దానికి పెట్టి పాట వేయండి. స్పీకర్ పాడితే స్పీకర్ మంచిదే, తప్పు కంప్యూటర్ వైపు ఉంది. పాడకపోతే తప్పు స్పీకర్‌దో వైరుదో. అలాగే ఇయర్‌ఫోన్ తెచ్చి కంప్యూటర్‌కు పెట్టి చూడండి. ఈ రెండు పరీక్షలతో సమస్య ఏ సగంలో ఉందో తేలిపోతుంది. ఇక రెండో సగం గురించి ఆలోచించనక్కర్లేదు.

5. రీస్టార్ట్. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం వేరు, రీస్టార్ట్ వేరు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు కంప్యూటర్ తన లోపలి స్థితిని కొంత దాచుకుని మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. పాత చిక్కు అలాగే ఉండిపోవచ్చు. రీస్టార్ట్ చేస్తే మొదటి నుంచి లేస్తుంది. అందుకే మెనూలో రీస్టార్ట్ అనే మాటనే నొక్కండి.

6. డ్రైవర్. డ్రైవర్ అంటే సౌండ్ చిప్‌కూ విండోస్‌కూ మధ్య దుబాసీ. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయినప్పుడో, కొత్త అప్‌డేట్ సరిపడనప్పుడో ఇది పనిచేయడం మానేయవచ్చు. స్పీకర్ గుర్తు మీద కుడి బటన్ నొక్కితే సౌండ్ సమస్యలను కనిపెట్టే ట్రబుల్‌షూట్ ఉంటుంది. ముందు దాన్ని నడపండి. కుదరకపోతే డివైస్ మేనేజర్‌లో సౌండ్ పరికరం పేరు మీద కుడి బటన్ నొక్కి, అన్‌ఇన్‌స్టాల్ ఇచ్చి, రీస్టార్ట్ చేయండి. చాలా కంప్యూటర్లలో విండోస్ తనంతట తానే దాన్ని మళ్లీ అమర్చుకుంటుంది. ఈ ఒక్క పని మాత్రం హైస్కూల్ పిల్లలు పెద్దల ముందు చేయాలి.

ఎక్కడ ఆగాలి?

ఆరూ అయ్యాక కూడా సౌండ్ రాకపోతే ఆగండి. డబ్బా మూత విప్పవద్దు. అక్కడి నుంచి రిపేరు తెలిసినవారి పని మొదలవుతుంది, వాళ్ల పనితనానికి డబ్బిచ్చి తీరాలి. కానీ ఇప్పుడు మీరు షాపుకు వట్టి చేతులతో వెళ్లరు. "స్పీకర్ మంచిదే, ఫోన్‌కు పెట్టి చూశాం. ఇయర్‌ఫోన్‌లో కూడా రావట్లేదు. డ్రైవర్ మళ్లీ వేశాం" అని చెప్పగలరు. అలా చెప్పినవారికి ఎవరూ ముందుగా ఫార్మాట్ సలహా ఇవ్వరు. ఇస్తే, ఫైళ్లు కాపీ తీశాకే చేయమని అడగండి. మదర్‌బోర్డు మీది రంధ్రమే పాడైందని తేలినా కంగారు వద్దు. కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టుకుంటే సరిపోతుంది, బోర్డు మార్చనక్కర్లేదు.

ఇంకో చోట కూడా ఆగాలి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. "సౌండ్ రావట్లేదు" అని ఇంటర్నెట్‌లో వెతికితే కస్టమర్ కేర్ పేరుతో దొంగ నంబర్లు కూడా కనబడతాయి. ఫోన్ చేస్తే ఒక యాప్ వేసుకోమంటారు, మీ కంప్యూటర్ తెర వాళ్ల చేతికి వెళ్తుంది, తర్వాత ఓటీపీ అడుగుతారు. సౌండ్ బాగుచేయడానికి ఓటీపీతో పనేముంది? డ్రైవర్ అప్‌డేట్ చేస్తామంటూ ఊరించే ప్రోగ్రాములను కూడా పిల్లలు దించకుండా చూడండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. అది సైబర్ మోసాల ఫిర్యాదుకు దేశమంతటికీ ఉన్న నంబర్. సౌండ్ ఉన్నా లేకపోయినా ఈ సంగతి మీ పిల్లలకు తెలిసి ఉండాలి.

మౌస్ ఎవరి చేతిలో ఉండాలి?

పిల్లల చేతిలో. మీరు పక్కన కూర్చుని అడగాలి. ఇప్పుడు ఏం మార్చావు? మార్చకముందు ఎలా ఉంది? దీన్నిబట్టి ఏం తేలింది? కంప్యూటర్ గురించి మీకేమీ తెలియకపోయినా ఈ మూడు ప్రశ్నలు అడగవచ్చు. ఒక పాత నోట్‌బుక్‌లో తేదీ వేసి, ఏం చూశారో, ఏం మార్చారో, ఏమైందో మూడు గడుల్లో రాయించండి. సైన్స్ ల్యాబ్ రికార్డు ఉద్దేశం కూడా ఇదే. ల్యాబ్‌లో జవాబు ముందే పుస్తకంలో ఉంటుంది. ఇక్కడ ఎవరికీ తెలియదు, వెతికి పట్టుకోవాలి. మరుసటి రోజు ఆ నోట్‌బుక్ నా క్లాసుకు పంపండి. "ముందు వైరు చూశాను, తర్వాత సెట్టింగ్స్ తెరిచాను" అని ఇంగ్లిష్‌లో చెప్పిస్తాను. పాస్ట్ టెన్స్‌కు అంతకంటే మంచి అభ్యాసం నాకు గ్రామర్ పుస్తకంలో కనబడలేదు.

దయచేసి తిట్టవద్దు. సౌండ్ పోయినప్పుడు పిల్లలకు ముందు వచ్చేది భయం. "నువ్వే ఏదో నొక్కుంటావ్, ఆ గేమ్స్ ఆడీ ఆడీ పాడుచేశావ్" అంటారని తెలుసు. అందుకే చెప్పరు. మూగ తెర ముందు వారాల తరబడి కూర్చుంటారు, మీటింగ్‌లో నేల చూపులు చూస్తారు. నిజంగా గేమ్ కోసమే మ్యూట్ చేసి ఉన్నా, నానమ్మ పడుకుందని మ్యూట్ చేసి మరిచిపోయి ఉన్నా, ఆ విషయం తర్వాత మాట్లాడుకోవచ్చు. పాడైతే చెప్పవచ్చు, చెబితే కలిసి చూద్దాం అంటారు అన్న ధైర్యం ఒకసారి కలిగితే, రేపు ఇంతకన్నా పెద్ద సమస్య వచ్చినా పిల్లలు మీ దగ్గరికే వస్తారు. మొదట్లో నేనన్న అసలు లాభం ఇదే.

"మాకంత టైమ్ ఎక్కడుంది మేడమ్?" అనే మాట కూడా న్యాయమైనదే. షిఫ్ట్ డ్యూటీలు, దుకాణాలు, పొలాలు. కానీ షాపుకు వెళ్లి రావడానికి సగం రోజు పడుతుంది, తిరిగి తెచ్చుకోవడానికి ఇంకో సగం. మొదటి నాలుగు చోట్లు చూడటానికి పావుగంట చాలు.

సౌండ్ బాగానే ఉండి, పిల్లలకే వినబడకపోతే?

ఇది కూడా జరుగుతుంది. ఇంట్లో అందరికీ సరిపోయిన వాల్యూమ్ మీ పిల్లవాడికి చాలకపోతే, మాటిమాటికీ పెంచుతుంటే, పిలిస్తే రెండోసారికి గానీ పలకకపోతే కంప్యూటర్‌ను వదిలేసి చెవుల డాక్టర్‌కు చూపించండి. గుబిలి గడ్డకట్టినా అలా జరగవచ్చు, జలుబు వల్ల కర్ణభేరి వెనక నీరు చేరినా జరగవచ్చు. వీటికి చికిత్స ఉంది. తరగతిలో శ్రద్ధ లేదనుకున్న పిల్లల్లో కొందరి సమస్య వినికిడిదే అయి ఉండవచ్చు. అలాగే సౌండ్ తిరిగొచ్చిందన్న సంబరంలో ఇయర్‌ఫోన్ పెట్టి గంటల తరబడి పూర్తి వాల్యూమ్‌లో విననివ్వకండి. పిల్లలకు వారానికి 40 గంటలు వినాలంటే 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డెసిబెల్స్ కొలిచే యంత్రం మన దగ్గర ఉండదు. వాల్యూమ్ 60 శాతం లోపు ఉంచడం, మనం మామూలు గొంతుతో పిలిస్తే పిల్లలకు వినబడేలా చూసుకోవడం మన చేతిలో ఉన్న కొలతలు.

బడి వంతు

బాధ్యతంతా మీ మీద పెట్టి నేను తప్పుకోను. ఫీజు కట్టి మీరు తీసుకున్న డిజిటల్ పాఠాలు మీ ఇంట్లో నిజంగా వినబడుతున్నాయా లేదా అన్నది మాలాంటి ప్రతి బడికీ పట్టాలి. నా అభిప్రాయంలో మూడు పనులు జరగాలి. ఏడాది మొదట్లో కంప్యూటర్ పీరియడ్‌లలో ఒకటి ఈ ఆరు చోట్లు చూపించడానికి కేటాయించాలి. వినే పాఠాలకు రాత ప్రతి కూడా ఇవ్వాలి, వారం పాటు సౌండ్ లేకపోయినా చదువు ఆగకుండా. ఇంట్లో కుదరని పిల్లలు సాయంత్రం అరగంట కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుని వినే వీలుండాలి. ఈ మూడూ యాజమాన్యాన్ని కోరుతున్నాను. మీరూ తర్వాతి మీటింగ్‌లో అడగండి. మీరు అడిగితే పని త్వరగా అవుతుంది.

చివరగా ఈ ఆదివారానికి ఒక చిన్న హోంవర్క్, ఈసారి తల్లిదండ్రులకు. మీ ఇంట్లో సౌండ్ బాగానే ఉన్నా సరే, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని అవుట్‌పుట్ దగ్గర ఏ పేరు ఉందో చదివించి, నోట్‌బుక్ మొదటి పేజీలో రాయించండి. స్పీకర్ పిన్ను ఏ రంగు రంధ్రంలో ఉందో ఒక ఫొటో తీసి ఉంచండి. బాగున్నప్పుడు ఎలా ఉందో తెలిస్తే, పాడైనప్పుడు ఏం మారిందో కనిపెట్టడం సులువు. అది అయ్యాక ఒక ఇంగ్లిష్ కథ పెట్టి, ఇంటిల్లిపాదీ కలిసి వినండి.

— ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం